తీతువు పద్దు

ఏప్రిల్ ఆఖరి వాన డార్విన్‌లో రాత్రంతా కురిసి
ఐదున్నరకి ఆగింది.
ఆరింటికి నేను రన్‌వే మీద ఉన్నాను,
బండి కప్పు మీద పసుపు దీపం తిప్పుకుంటూ,
పక్క సీట్లో పటాసుల తుపాకీ,
ఒళ్లో పద్దు పుస్తకం.

వాన వెలిసిందంటే మిడతలు.
మిడతలంటే గద్దలు.
గద్దలంటే, ఏడూ నలభైకి దిలీ నుంచి దిగే విమానం తాలూకు
గుబులు, నా కడుపులో.

గడ్డి సంగతి చెబితే ఎవరూ నమ్మరు.
పొట్టిగా కోస్తే తీతువులు దిగుతాయి,
నాలుగు దిక్కులూ కనిపిస్తాయని.
పొడుగ్గా వదిలితే ఎలుకలు, ఎలుకల వెనక పాములు,
వాటికోసం మళ్లీ ఆ గద్దలే.
జానెడు ఎత్తు, అటూ ఇటూ రెండు వేళ్లు:
దానికోసం మేం పెట్టుకున్నన్ని మీటింగులు
ఏ పెళ్లి సంబంధానికీ ఎవరూ పెట్టుకుని ఉండరు.

నాకు ముందు ముప్పై ఏళ్లు ఈ బండి తోలింది స్టమాటిస్.
వాళ్ల తాత స్పాంజ్‌ల కోసం సముద్రంలో మునిగేవాడట.
"ఆయన కిందికి చూసి బతికాడు, నేను పైకి చూసి" అంటాడు.
ఇంజన్ అంచున అంటిన మరకని
తడి టిష్యూతో ఎత్తడం నేర్పింది అతనే.
"గట్టిగా రుద్దకు. అదెవరో ఇంకా తెలీదు."
ఒక ఈక పీచు, చిటికెడు తడి,
జిప్ సంచిలో వేసి ల్యాబ్‌కి పంపితే
మూడు వారాలకి పేరొచ్చింది.
పేరొక్కటే.

ఇవాళ్టి పద్దు:
గద్దలు పద్నాలుగు, పటాసుకి లేచినవి పదకొండు.
కొంగ ఒకటి, తనంతట తనే పోయింది.
అంచు దీపం పక్కన, కంకరలో, తీతువు గూడు.
గూడని అనాలి కాబట్టి అనడం,
మడమతో నొక్కినంత గుంట.
గుడ్లు నాలుగు, మొనలన్నీ లోపలికి.

మా మేనత్త తీతువు కూసిందంటే
గుమ్మం దాకా వచ్చిన సంచీ దించేసేది.
"ఇవాళ బయల్దేరొద్దు."
ఇక్కడ రోజుకి అరవై బయల్దేరడాలు,
తీతువు కూయని పూట లేదు.
ఆవిడే చెప్పింది, ఆ పిట్ట
కాళ్లు పైకెత్తి పడుకుంటుందట,
ఆకాశం ఊడిపడితే పట్టుకోవడానికి.
అత్తా, ఇక్కడ పొద్దుటిపూట ఆకాశం
పది నిమిషాలకోసారి ఊడిపడుతుంది,
నూట అరవై మందితో, కాఫీ ట్రాలీతో.
అది మాత్రం కాళ్లు మడిచి
గుడ్ల మీదే కూర్చుంటుంది.

పర్మిట్ జేబులో ఉంది. సంతకం నాదే.
బండి దిగాను. అది లేచి
రెక్క మడతలోని ముల్లు చూపిస్తూ
నా టోపీ మీదికి దూకింది.
మూడువందల గ్రాములుంటుందేమో.
డెబ్బై టన్నులు నెత్తి మీంచి పోతుంటే కదలనిది
నన్ను చూసి ఎందుకు జంకుతుంది?
ఏరాను. వెచ్చగా ఉన్నాయి.
దానికి పద్దులో గడి లేదు,
వాతావరణం అన్న గడిలో కాసేపు కలం ఆగింది.

రేడియోలో టవర్ అడిగింది, రన్‌వే ఖాళీయేనా అని.
"ఖాళీ" అన్నాను.
దిలీ విమానం దిగింది.
మెట్ల మీద ఎవరో చిన్నపిల్ల చెప్పు జారింది,
వెనకాయన వంగి తీసిచ్చాడు.

తొమ్మిది రోజుల తర్వాత
కంచెకి అవతల, స్టాఫ్ పార్కింగ్‌లో,
సరిగ్గా మేనేజర్ కారు పెట్టే చోట
మూడు గుడ్లు.
అదే పిట్టా అంటే చెప్పలేను,
తీతువులన్నిటివీ పసుపు ముఖాలే.
రిటైరయ్యాక కూడా టీకి వస్తాడు స్టమాటిస్.
ఏమీ అనకుండా నాలుగు ట్రాఫిక్ కోన్లు మోసుకొచ్చి
చుట్టూ నిలబెట్టాడు, ఇంట్లో కుర్చీలు సర్దినట్టు.

మేనేజర్ ఎండలో కారు పెట్టుకుని వచ్చి
నా వంక చూసింది.
"కంచె బయటివి నా పద్దులోకి రావు" అన్నాను.
సాయంత్రం ఆవిడ తాళాలు తీసి బయల్దేరబోతే
పిట్ట కూసింది.

ఎందుకో, ముగ్గురం ఆగాం.